మైనపుపురుగు: పేరును, తీరును

పెరటిలో తేనెపెట్టె నుంచుకొనిన గృహిణులకు ఒక్కొక్కప్పుడు గొప్ప ఆశాభంగము కలుగుచుండును. నిన్నమొన్నటివరకు ఝుమ్మని మ్రోగుచుండిన పెట్టె నిశ్శబ్దమై యుండును. మూత తీసి చూడగా ఈగ యొక్కటియు కానరాదు. పట్టులన్నియు సాలెగూడు కమ్మినట్లు తెల్లని దారములతో చిక్కుపడి యుండును. పురుగు పట్టి ఈగలు పోయిన వని మన మనుకొందుము. ఆ మాట సగము మాత్రమే నిజము. తక్కిన సగము తెలిసికొననిచో రెండవ పెట్టెయు నట్లే పోవును.

మైనపుపురుగనునది ఒక రెక్కలపురుగు పిల్ల. తల్లి బూడిదవన్నె కలిగి, చీకటిపడిన పిమ్మట పెట్టెలో దూరి, సందులలో 300 మొదలు 600 వరకు గ్రుడ్లు పెట్టును. అది యేమియు తినదు. తినునదంతయు పిల్లయే. పిల్ల పట్టులో తొలుచుకొని పోవుచు, పోయిన దారినెల్ల దారము నేయుచు, సుమారు అంగుళము పొడవు పెరుగును. తుదకు పెట్టె కొయ్యను సైతము గాడిగా కొరికి, అందు గూడు కట్టుకొనును.

దీని పేరులు విచిత్రములు. 1758వ సంవత్సరమున స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి మెల్లొనెల్లా యని పేరిడెను. లాటిను భాషలో మెల్ అనగా తేనె. 1798లో ఫబ్రీసియసు గాలేరియా యను జాతినామము నిచ్చెను. ఇటాలియను భాషలో ఆ మాటకు నడవ యనియు సొరంగ మనియు నర్థము. మన వాడుకలో నిది మైనపుపురుగు. ఒక పేరు తేనె ననుసరించినది, ఒకటి సొరంగమును, ఒకటి మైనమును. వీనిలో సొరంగమే పూర్తిగా తగినది. ఏల యనగా పురుగు కోరునది తేనె కాదు. మైనమును తినును గాని, వట్టి మైనముతో చక్కగా పెరుగజాలదు. ఈగపిల్లలు పెరిగి విడిచిన పొరలును, పుప్పొడియు గల పాత నల్లపట్టే దానికి విందు. క్రొత్తగా కట్టిన తెల్లని పట్టును అది అంతగా ముట్టదు.

ఇందు మనము గ్రహింపవలసిన దొకటి కలదు. బలముగల పెట్టెలో ఈగలు పట్టులన్నిటిని కప్పుకొని యుండి, పురుగు కనబడగనే యీడ్చి పారవైచును. రాణి పోయినను, ఆహారము చాలకున్నను, ఈగలకు మించిన పట్టులున్నను కాపలా తగ్గును. పాడుబడిన యింట గబ్బిలములు చేరినట్లు అప్పుడు పురుగు చేరును. అందును మన దేశపు తేనెటీగ బాధ సహింపక, పెట్టె విడిచి లేచిపోవు స్వభావము కలది. కావున పురుగును చూచినప్పుడు దానిని చంపుటతో తృప్తిపడక, పెట్టె యేల బలహీన మాయెనో విచారింపవలెను.

చేయవలసిన పనులు మన యింటిపనులవంటివే. వారమున కొకసారి అడుగుపలకను తుడిచి, రాలిన మైనపుపొడిని దూరముగ పారవేయుడు. పెట్టె పగుళ్లు మూయుడు. ఈగలు కప్పని పట్టులను తీసివేయుడు. నల్లబడిన పట్టును దాచక వెంటనే కరగించి మైనము చేసికొనుడు.

మంచి పట్టులను దాచదలచినచో, కాగితములో చుట్టి, సంచిలో మూసి, ఇంటి ఫ్రిజ్జులోని మంచుగడ్డ అరలో ఒక దినము పూర్తిగ నుంచుడు. గ్రుడ్లతోకూడ నశించును. తరువాత సంచి విప్పక చెమ్మ ఆరనిచ్చి, మూత బిగువైన డబ్బాలో పెట్టుడు. గంధకపు పొగ పురుగును చంపును గాని గ్రుడ్డును చంపజాలదు. పట్టుచీరలలో వేయు కలరా ఉండలను మాత్రము తేనెపట్టుల దరికి రానీయకుడు. మైనము ఆ వాసనను పీల్చుకొనును, పిదప తేనెయు చెడును.

పురుగుతోనున్న పట్టును పలుచని ప్లాస్టిక్కు సంచిలో కట్టి మూల నుంచినంత మాత్రమున పీడ వదలదు. స్పెయిను దేశమున బెర్టొకీని యను శాస్త్రజ్ఞురాలు తన తేనెపెట్టెల నుండి యేరిన పురుగులను అట్టి సంచిలో వేయగా అవి సంచికి తూట్లు పొడిచెను. ఆ సంగతినే పరిశోధించి, ఆమెయు సహచరులును 2017లో ప్రకటించిరి. ఆ పురుగుల లాలాజలమునకు ప్లాస్టిక్కును చెరచు శక్తి కలదని 2022లో తెలియవచ్చెను.

మనకు శత్రువైన పురుగు మరియొకచోట పనికి రావచ్చును. మన పెట్టెలో మాత్రము దానికి చోటు లేకుండ చేయునవి ఈగల బలమును, మన శుభ్రతయు. పెట్టె గలవారు ఈ వారమే మూత తీసి, అన్ని పట్టులను ఈగలు కప్పినవో లేదో చూచుకొందురు గాక.