ఎవరి ఇంట్లో? ఎవరి చేతుల మీద?

ఏ ఆదివారం అనుబంధం తెరిచినా, ఏ ఆసుపత్రి కరపత్రం చూసినా ఒకటే సలహా. పెద్దవాళ్ళు సొంత ఇంట్లోనే క్షేమంగా, ఆరోగ్యంగా, ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలట. స్నానాలగదిలో పట్టుకోడానికి రాడ్డు బిగించండి. రాత్రిపూట చిన్న దీపం వెలిగించి ఉంచండి. ఉప్పు తగ్గించి వండండి. రోజూ కాసేపు నడిపించండి. ఇందులో ఒక్కటీ తప్పు కాదు. నా పేచీ ఈ క్రియాపదాలతోనే. బిగించండి, వండండి, నడిపించండి... ఎవరినండీ అంటున్నారు? తెలుగులో కర్త లేకపోయినా వాక్యం హాయిగా సాగిపోతుంది. ఇంటి చాకిరీ విషయంలోనూ అంతే, చేసేవాళ్ళ పేరెత్తకుండానే అన్నీ జరిగిపోతాయి.

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. తెనాలి దగ్గర పల్లెటూరు. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం అమ్మి కట్టిన ఇల్లు. కాగితాలు మాత్రం పెదనాన్న పేరన. ఆయన పోయాక ఆ ఇంట్లో పిల్లలతో సమానంగా ఆమెకీ వాటా ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే ఇచ్చిందది. "నీకెందుకమ్మా ఈ తలనొప్పి, మేం లేమా" అని కొడుకులు హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆమె పెట్టింది. మనలో ఎంతమంది అమ్మలు పెట్టలేదు?

డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, పెరట్లో ఉన్న మరుగుదొడ్డిలో పట్టుకోడానికో రాడ్డు పెట్టించమని అడిగింది. కొన్ని వందల రూపాయల పని. టైల్స్ పగులుతాయన్నాడు పెద్దన్నయ్య. రేపు ఇల్లు అమ్మితే అసహ్యంగా కనిపిస్తుందన్నాడు చిన్నన్నయ్య. ఆమె ఇంకో మాట మాట్లాడకుండా తనకు తోచిన జాగ్రత్త తను తీసుకుంది. సాయంత్రం అయిదు దాటాక మంచినీళ్ళు తాగడం మానేసింది. రాత్రి లేవనవసరం లేకుండా. కరపత్రంలో రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాలో రాసేవాళ్ళకి ఈ లెక్క తెలుసా?

అయినా ఒక రాత్రి లేవాల్సొచ్చింది. పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక వంతులు మొదలయ్యాయి, నెల ఒకరింట్లో, నెల ఇంకొకరింట్లో. ముప్ఫై ఒకటో తేదీ ఎవరి వంతులోకి వస్తుందని తగవు. 2024లో పింఛను నాలుగు వేలయ్యాక ఒకటో తేదీకి మాత్రం తగవు తిరగబడింది, ఆ రోజు అమ్మ మా ఇంట్లో ఉండాలంటే మా ఇంట్లో ఉండాలని! ఒక చేతిసంచీ, నాలుగు చీరలు, మాత్రల డబ్బా. ఆమె "సొంత ఇల్లు" ఇప్పుడు ఆ సంచీలో ఉంది.

పెదనాన్న మాత్రం ఎనభై రెండేళ్ళు "ఎవరి మీదా ఆధారపడకుండా" బతికాడని ఊరంతా చెప్పుకుంటుంది. వేణ్ణీళ్ళు తోడి పెట్టేది పెద్దమ్మ. మాత్ర చేతిలో పెట్టేది పెద్దమ్మ. పంచె, కళ్ళజోడు, పొద్దున్నే పేపరు అందించేది పెద్దమ్మ. దాన్ని ఎవరూ ఆధారపడడం అనలేదు, సంసారం అన్నారు. మగవాడి వృద్ధాప్యపు స్వావలంబన వెనక ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆవిడ పడిపోయేసరికి ఆవిడ వెనక ఎవరూ ఉండరు. లేదా ఇంకో ఆడమనిషి ఉంటుంది. 2024 కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, అలాంటి పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఈ లెక్క చూసి ఆశ్చర్యపోయేది మగవాళ్ళే.

చట్టం ఏం చేస్తోంది? 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. మంచిదే. నెలకి పదివేలకు మించకుండా భరణం ఇప్పిస్తారు. కానీ డబ్బు వేరు, పక్క గుడ్డలు మార్చే చెయ్యి వేరు. ఆ చెయ్యి ఎవరిదో 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు బయటపెట్టింది. "పిల్లలు" అన్న మాటలోకి కోడల్నీ అల్లుడినీ చేర్చింది. బిల్లు చట్టం కాలేదు. అయితే అల్లుడు అత్తగారికి ఒళ్ళు తుడిచే ఇల్లు ఒక్కటి చూపించండి, వచ్చి చూస్తాను.

ఇదే చట్టాన్ని కోడల్ని వెళ్ళగొట్టడానికీ వాడుకున్నారు. బెంగళూరు కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా పోయింది. భర్త ఇంటిని తండ్రికి అమ్మాడు, తండ్రి తల్లికి దానంగా రాశాడు, ఆ తర్వాత వృద్ధుల చట్టం కింద కోడల్ని ఖాళీ చెయ్యమన్నారు. కలిసి బతికిన ఇంట్లో గృహహింస చట్టం స్త్రీకిచ్చిన హక్కుని ఈ దారిన తుడిచెయ్యడానికి వీల్లేదని 2020 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఒక్క కప్పు కోసం అత్తా కోడళ్ళు కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో ఉండాల్సిన మగవాడు మాత్రం కనపడడు.

"అయితే ముసలివాళ్ళని గాలికి వదిలెయ్యమంటారా?" అని కళ్ళెర్ర జేసేవాళ్ళున్నారు. ఉమ్మడి కుటుంబాల్లో ఎంత బాగుండేదో అని నిట్టూర్చేవాళ్ళున్నారు. ఆ కుటుంబాల్లో పెద్దకోడలిగా బతికినవాళ్ళని అడిగి నిట్టూర్చండి. ఇక డబ్బున్న ఇళ్ళవాళ్ళు హైదరాబాదులో ఏజెన్సీకి ఫోన్ చేస్తారు. ఎక్కడో పల్లెలో తన తల్లిని వదిలేసి, ఇరవై నాలుగ్గంటల డ్యూటీకి మనవాళ్ళ తల్లి మంచం పక్కన చాప వేసుకుని పడుకోడానికి ఒక ఆడమనిషి వస్తుంది. ఆ తల్లిని ఎవరు చూస్తున్నారని ఎవరైనా అడిగారా?

ఇది తప్పించుకోలేని రాతేమీ కాదు. కేరళ 2008లోనే పాలియేటివ్ సేవల విధానం తెచ్చింది. పంచాయతీల డబ్బుతో నర్సులు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకే వస్తారు, పుండ్లు కడుగుతారు, గొట్టాలు మారుస్తారు. మన దగ్గర వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా ఎనభై లోపు వాళ్ళకి నెలకి 200 రూపాయలు. రాష్ట్రాలు తమ డబ్బు కలిపి ఇస్తున్నాయి కాబట్టి సరిపోయింది. మనకు నర్సు కావాలి, కొడుకులు సెలవు పెట్టి పక్క గుడ్డలు మార్చడం నేర్చుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఆ విడుదల పత్రం మీద సంతకం పెట్టొద్దని మన అమ్మలకి మనమే చెప్పాలి. ఆడపిల్లలం, మనకెందుకని ఊరుకుంటున్నాం.

పోయిన నెల నేనే రాడ్డు కొని, ప్లంబర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. పెద్దమ్మ మధ్యలో కన్నం కోసిన ప్లాస్టిక్ కుర్చీ మీద కూచుని ఉంది. అన్నయ్య ఊళ్ళో లేడు. ఆయన వచ్చాక చూద్దాం అంటుందేమో అనుకున్నాను వదిన. అరవై దాటాయి ఆవిడకి. మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి గోడ కేసి చూసింది.

"ఎలాగూ పెట్టిస్తున్నావుగా, రెండు పెట్టించు" అంది.