సెలవు కానుకగా సెల్‌ఫోను: ఒక రసాయనశాస్త్రజ్ఞుని మనవి

వేసవి సెలవులు దగ్గరపడితే ఫర్వానియాలో తెలుగువారు ఎక్కడ ఎదురుపడినా రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. టికెట్టు దొరికిందా అనేది మొదటిది. ఇంటికి ఏ ఫోను తీసుకుపోతున్నావన్నా అనేది రెండవది. మొదటిదాని సమాధానం విమాన సంస్థల చేతిలో ఉన్నది గనుక దానిని గూర్చి నేను చెప్పగలిగినది లేదు. రెండవదానిని గూర్చి మాత్రం, బ్యాటరీల రసాయనం కొంత తెలిసినవాడిగా, అంతకంటె ముఖ్యంగా ఒకసారి దెబ్బతిన్న కొడుకుగా, నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాను.

ఒకప్పుడు ఇక్కడినుండి ఊరికి పోయేవారి పెట్టెలో టేప్ రికార్డరు, అత్తరు సీసాలు, మెత్తని దుప్పట్లు, వీలునుబట్టి కొంత బంగారం ఉండేవి. టేప్ రికార్డరు పది, పదిహేనేళ్లు పాడేది. దుప్పటి రెండు తరాలు కప్పుకునేది. బంగారం సంగతి చెప్పనక్కరలేదు. ఈనాడు వాటన్నింటి స్థానాన్ని ఫోను ఆక్రమించింది. అయితే మనం దానిని కొనే తీరు, ఇచ్చే తీరు మాత్రం బంగారానికి అలవాటుపడిన తీరే. ఎంత ఖరీదైనదైతే అంత గౌరవం, ఎంత భద్రంగా దాచితే అంత మేలు అని మన నమ్మకం. నా అభిప్రాయంలో పొరపాటంతా ఇక్కడే ఉన్నది. ఫోను నగ కాదు, పండు వంటిది. కోసిన నాటినుండే దాని క్షయం మొదలవుతుంది. దానిని ఎవరు, ఎన్నాళ్లు, ఎట్లా తింటారో తెలుసుకొని కొనాలి.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. ఎనిమిదేళ్ల క్రితం రాయచోటి దగ్గరి మా పల్లెకు సెలవుకు పోతూ అమ్మకు ఒక ఫోను తీసుకుపోయాను. నా జీతంలో అది చిన్న ఖర్చు కాదు. తిరిగివచ్చిన తరువాత కూడా ఆమె ఎప్పటివలె పాత బటన్ల ఫోనులోనే మాట్లాడుతూ వచ్చింది. కొత్తది ఎట్లా ఉందని అడిగితే "బాగుంది నాయనా" అనేది. ఏడాదిన్నర తరువాత మళ్లీ పోయి చూస్తే ఆ ఫోను బీరువాలో, పట్టుచీర మడతల నడుమ, డబ్బాతో సహా ఉన్నది. "అంత డబ్బు పెట్టి తెచ్చినావు, పాడైపోతాదేమోనని ఎత్తిపెట్టినా" అన్నది. ఛార్జరు తగిలించాను. వెలగలేదు. రాత్రంతా ఉంచినా వెలగలేదు. మరమ్మతు దుకాణంలోని కుర్రవాడు విప్పి చూసి బ్యాటరీ చచ్చిపోయిందన్నాడు. ఆ మోడలు బ్యాటరీ ఆ చుట్టుపక్కల దొరకదన్నాడు.

జరిగినది ఏమిటో నాకు వెంటనే తెలిసింది. లిథియం అయాన్ బ్యాటరీలో ఋణధ్రువం వైపు గ్రాఫైటు పూతను మోసే పలుచని రాగిరేకు ఒకటి ఉంటుంది. వాడకపోయినా బ్యాటరీ కొద్దికొద్దిగా ఖాళీ అవుతూనే ఉంటుంది. వోల్టేజి మరీ దిగజారితే ఆ రాగి అయాన్లుగా మారి లోపలి ద్రవంలో కరగనారంభిస్తుంది. మళ్లీ ఛార్జి ఎక్కించబోతే అట్లా కరిగిన రాగి ఎక్కడపడితే అక్కడ లోహంగా పేరుకొని రెండు ధ్రువాలను కలిపివేసే ప్రమాదం కలదు. అందుచేత బ్యాటరీకి తగిలించిన రక్షణ వలయం ఒక హద్దు దాటిన తరువాత ఛార్జిని రానివ్వదు. ఫోనును సగం ఛార్జితో ఆపి ఉంచు, ఆరు నెలలకొకసారి మళ్లీ సగం దాకా ఎక్కించు అని చెప్పి ఉంటే అది బ్రతికి ఉండేది. ఈ విషయంలో డాక్టరేటు పుచ్చుకున్న నేను ఆ ఒక్క మాట చెప్పడం మరచాను. అమ్మ చేసినది తప్పని ఎట్లా అనగలను? ఆమెకు ఇచ్చిన వస్తువును నేను నగ అన్నట్టే చేతిలో పెట్టాను. ఆమె నగ వలెనే దాచింది.

ఈ బ్యాటరీకీ, మనం బ్రతుకుతెరువుకు వచ్చిన ఈ గడ్డకూ ఒక చిత్రమైన సంబంధం ఉన్నది. 1973 అక్టోబరులో అరబ్బు చమురు మంత్రులు కూడి ఉత్పత్తి తగ్గించాలని తీర్మానించినది కువైట్‌లోనే. చమురుకు ప్రత్యామ్నాయం కోసం ప్రపంచమంతా వెదుకుతున్న ఆ సంవత్సరాలలో, ఎక్సాన్ అనే చమురు సంస్థ పరిశోధనశాలలోనే స్టాన్లీ విటింగమ్ లిథియం బ్యాటరీకి తొలిరూపం కల్పించారు. 1980లో ఆక్స్‌ఫర్డులో జాన్ గుడినఫ్ బృందం లిథియం కోబాల్టు ఆక్సైడును ధనధ్రువంగా వాడవచ్చునని చూపింది. 1985లో జపానులో అకిరా యోషినో తన బ్యాటరీ ఋణధ్రువానికి ఎన్నుకున్న పదార్థమేమిటి? పెట్రోలియం కోక్, అనగా చమురు శుద్ధిలో అడుగున మిగిలే బొగ్గు. కువైట్ బావుల మంటలు ఆర్పుతున్న 1991లోనే సోనీ సంస్థ ఈ బ్యాటరీని మొదటిసారి విపణిలోకి తెచ్చింది. ముగ్గురు శాస్త్రజ్ఞులకూ 2019లో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడినఫ్ గారి వయస్సు 97. (మా ప్రయోగశాలలో నలభై ఏళ్లకే అలసిపోయామనేవారికి నేను ఈ సంగతి గుర్తుచేస్తుంటాను.)

చమురుతో ఇంత చుట్టరికం ఉన్నా ఈ దేశపు ఎండ మాత్రం ఆ బ్యాటరీకి సరిపడదు. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబా వద్ద నమోదైన ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ 53.9 డిగ్రీలుగా నిర్ధారించింది. జూన్ నుండి ఆగస్టు వరకు పగలు 11 గంటలనుండి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించరాదని ఇక్కడ నిబంధన ఉన్నది. మనిషికి ఉన్న ఆ రక్షణ కారు డ్యాష్‌బోర్డు మీద పడవేసిన ఫోనుకు లేదు. ఆపిల్ సంస్థ తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వాడమని, 45 డిగ్రీలు దాటిన చోట ఉంచవద్దని చెబుతున్నది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయనచర్య వేగం సుమారు రెట్టింపు అవుతుందని కళాశాలలో చదువుకున్న స్థూలసూత్రం ఇక్కడా వర్తిస్తుంది. గ్రాఫైటు మీద ఏర్పడే ఒక సన్నని పొర వేడికి మందమవుతూ, ఛార్జి మోయవలసిన లిథియాన్ని తనలో బంధించివేస్తుంది. అట్లా పోయిన లిథియం మళ్లీ తిరిగిరాదు. నిండా ఛార్జి చేసి వేడిలో ఉంచడం అన్నింటికంటె చెరుపు.

కనుక రంజాను తగ్గింపు ధరలలో కొని ఆగస్టు దాకా అలమరాలో ఉంచడం లాభమని నేననుకోను. ప్రయాణానికి వారం ముందు కొనండి. కొన్నప్పుడే డబ్బా విప్పి, సిమ్ వేసి, ఎవరికైనా మాట్లాడి చూడండి. సీలు విప్పితే కానుక విలువ తగ్గుతుందని మనవారికొక సంకోచం. చక్కని సీలుతో చచ్చిన ఫోను ఇవ్వడం కంటె అది మేలు కాదా?

వయస్సు మరొక విధంగా కూడా లెక్కించవలసి ఉన్నది. ఫోనులోని వ్యవస్థకు తయారీదారు భద్రతా సవరణలు ఎన్నేళ్లు పంపుతాడో, ఆచరణలో ఆ ఫోనుకు అంతే ఆయుష్షు. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 24కు ఏడేళ్లు ఇస్తామని ఆ సంస్థలు ప్రకటించాయి. చవక రకాలకు చాలా తక్కువ. ఇందులో ఒక మెలిక ఉన్నది. ఈ లెక్క సాధారణంగా ఆ మోడలు విపణిలోకి వచ్చిన నాటినుండి గాని, మనం కొన్న నాటినుండి కాదు. రెండేళ్లనాటి మోడలును సగం ధరకు కొన్నవాడు దాని ఆయుష్షులో రెండేళ్లు వదులుకున్నాడు. దీనిని గీరతనంగా భావించకండి. మనం ఇక్కడినుండి పంపే డబ్బు చేరే ఖాతా ఈనాడు ఆ ఫోనులోనే ఉన్నది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత పల్లెలో పాలవాడికి ఇవ్వవలసినది కూడా దానిలోనుండే పోతున్నది. సవరణలు ఆగిన ఫోను చేతికివ్వడమంటే గడియ లేని ఇంట్లో డబ్బు పెట్టమనడమే. ఐరోపా సమాజం 2025 జూన్ 20 నుండి తన విపణిలోకి కొత్తగా వచ్చే ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు నింపి ఖాళీ చేసిన తరువాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలని శాసించింది. అటువంటి లెక్కను మన దుకాణదారుని కూడా అడగడం మనం అలవాటు చేసుకోవాలి.

ఇక అది ఎవరి చేతికి పోతున్నదో చూడండి. తెర మీది స్పర్శ విద్యుత్ ధర్మం మీద ఆధారపడినది. వ్రేలి చర్మంలోని తేమ వలన విద్యుత్ ఆవేశంలో కలిగే మార్పును తెర గుర్తిస్తుంది. కలుపు తీసి, కట్టెలు విరిచి కాయలు కాచిన వ్రేలిని అది సరిగా గుర్తించకపోవచ్చు. "నేను తాకితే పలకదు" అనే పెద్దలు అమాయకంగా మాట్లాడుతున్నారనుకోవద్దు, వారు భౌతికశాస్త్రమే చెబుతున్నారు. స్పర్శ తీవ్రత పెంచుకునే సదుపాయం ఉన్న ఫోను ఏదో అడగండి. దుకాణంలోనే అక్షరాలను అన్నింటికంటె పెద్దవి చేసి తెలుగు వ్రాసి చూడండి. స్త్రీ, లక్ష్మి, జ్ఞానం అన్న మాటలు చాలు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరాన్ని ఒక రీతిలో కూర్చి పంపితే ఐఫోన్లలోని సందేశాల యాప్‌లు స్తంభించిపోయేవి. అదే నెల 19న ఆపిల్ సంస్థ దానిని సరిదిద్దింది. జ్ఞానం ఇంత బరువైనదని అప్పటిదాకా నేనెరుగను! వ్రాయడం రానివారికి మరొక దారి ఉన్నది. గూగుల్ సంస్థ 2017లో తన మాటల గుర్తింపులో తెలుగును చేర్చింది. మీట నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలవుతాయి. ఇది నేర్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

కెమెరా మెగాపిక్సెల్ల అంకెను చూసి ధర పెంచవద్దు. 50 మెగాపిక్సెల్లంటే చాలా ఫోన్లలో నాలుగేసి బిందువులను ఒకటిగా కలిపి 12.5గానే బొమ్మ తీస్తాయి. మనవడి ముఖం దానికంటె స్పష్టంగా చూడవలసిన అవసరం ఏ అవ్వకూ లేదు.

ధర విషయం సంకోచంతోనే ఎత్తుతున్నాను. ఇక్కడ ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దినార్లు. 300 దినార్ల ఫోను అంటే దానిపై ఐదు నెలల చాకిరి. కడప, గోదావరి సీమల నుండి వచ్చిన మన అక్కచెల్లెళ్లు ఎందరో ఆ జీతాలలోనే ఉన్నారు. కాలేజీలో చదివే కొడుకు ఫలానా ఫోనే కావాలని పట్టుబడితే, వాడి స్నేహితుల ముందు చిన్నబోకూడదని కొనిపెట్టే తల్లులను ఎరుగుదును. వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కాని ఆ పిల్లవాడు వింటే బాగుండునని ఈ లెక్క వ్రాశాను. దానిలో మూడవ వంతు ధరకు దొరికే ఫోనుతో చదువుకు ఏ లోటూ రాదు.

మరొక అలవాటు గూర్చి కూడా కటువుగా చెప్పవలసి ఉన్నది. కొత్త ఫోను మనం ఉంచుకొని, నాలుగు వేసవులు ఈ ఎండలో వాడిన పాతదాన్ని తుడిచి, కొత్త తొడుగు వేసి అమ్మానాన్నలకు ఇవ్వడం. సగం చచ్చిన బ్యాటరీ, ఆగిపోనున్న సవరణలు, కరెంటు పోయే పల్లె. అవసరానికి ఆసుపత్రికి ఫోను చేయవలసినవారు వారు. బ్యాటరీ మార్చగల దుకాణం పది నిమిషాల దూరంలో ఉన్నవాళ్లం మనం. పాతది మనం వాడుకోవాలి, కొత్తది వారికి పోవాలి.

చివరగా ప్రయాణం మాట. ఫోన్లను, పవర్ బ్యాంకులను చేతిసంచిలోనే పెట్టుకోండి. విడి బ్యాటరీలను, పవర్ బ్యాంకులను లగేజిలో వేయరాదన్నది విమానయాన నియమం. అరలో మంట పుడితే ఆర్పేవారుండరు. సామాన్యంగా 100 వాట్‌గంటల వరకు అనుమతి. 20,000 మిల్లీ ఆంపియర్‌గంటల పవర్ బ్యాంకు 3.7 వోల్టుల వద్ద 74 వాట్‌గంటలు కనుక చిక్కు లేదు. ఖర్జూరాల నడుమ దాచి కార్గో పెట్టెలో పంపేవారిని చూస్తే నాకు గుండె దడ పుడుతుంది.

నిరుడు అమ్మకు ఒక మధ్యరకపు ఫోను తీసుకుపోయాను. డబ్బా ఇక్కడే విప్పి, పేర్లన్నీ తెలుగులో పెట్టి, రాయచోటిలో బ్యాటరీ దొరుకుతుందో లేదో తమ్మునిచేత ముందే కనుక్కొని మరీ కొన్నాను. వాడుతున్నది. తెర మీద ఒక మూల పగిలింది, పసుపు మరకలున్నాయి. డబ్బాను మాత్రం బీరువాలో దాచుకున్నది.