ఎర్రగడ్డకు గేటు పడితే...

కోస్తాలో ఉల్లిపాయ, తెలంగాణలో ఉల్లిగడ్డ, కర్నూలు-కడపల్లో ఎర్రగడ్డ. పేరేదైనా ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదన్నారు. ఆ సామెత కట్టినవాళ్లకు ఎగుమతి నిషేధాల సంగతి తెలియదు పాపం! కడప జిల్లా రైతుకు మాత్రం బాగా తెలుసు.

ఎందుకంటే ఆ జిల్లాలో పండే ఒక రకం ఎర్రగడ్డకు మన వంటిళ్లలో పెద్దగా చోటు లేదు. దాని పేరు కృష్ణాపురం ఉల్లి. కేపీ ఉల్లి అంటే అందరికీ తెలుస్తుంది. గడ్డ చిన్నది, ఘాటు జాస్తి. మనవాళ్లు వద్దనుకునే ఆ సైజూ ఆ ఘాటే కావాలని తెప్పించుకునేవాళ్లు వేరే ఉన్నారు. పక్కనే ఉన్న శ్రీలంక, కాస్త దూరాన మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్, హాంకాంగ్. చేలో పీకిన గడ్డ ఆరి, సంచికెక్కి, లారీలో చెన్నై రేవు చేరి ఓడెక్కితేనే రైతు చేతికి నాలుగు డబ్బులు. ఓడెక్కకపోతే? ఊరి సంతలో అమ్ముకుందామన్నా అడిగే దిక్కుండదు.

2019 సెప్టెంబరు 29న ఆ ముచ్చటా అయింది. వానలకు మహారాష్ట్రలో పంట దెబ్బతింది. దిల్లీలో ఉల్లి ధర మండింది. కేంద్రం ఎగుమతులు ఆపేసింది. ప్రభుత్వాలు ఉల్లి ధరకు భయపడటంలో వింతేం లేదు. 1998లో దిల్లీ ఎన్నికల్లో అధికార పార్టీని ఉల్లి ఎలా ఏడిపించిందో నాయకులెవరూ మర్చిపోలేదు. సామాన్యుడి కూర చవగ్గా ఉండాలనుకోవడమూ తప్పు కాదు. చిక్కల్లా ఆ ఉత్తర్వు నాసిక్ ఉల్లినీ, కేపీ ఉల్లినీ ఒకే గాటన కట్టేయడంతో వచ్చింది. దిల్లీవాళ్లు తినని గడ్డను ఓడెక్కకుండా ఆపితే దిల్లీలో ధర ఎలా దిగుతుంది?

ఇదే కష్టం కర్ణాటకలోని బెంగళూరు రోజ్ ఉల్లికీ ఉంది. అదీ ఎగుమతి సరుకే. దానికి నెల తిరిగేసరికి, అక్టోబరు చివర్లోనే మినహాయింపు దొరికింది. కేపీ ఉల్లికో? 2020 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. నాలుగు నెలల పైమాటే! అప్పుడైనా 10,000 టన్నులకే, అదీ మార్చి 31 లోపే. లారీకి 20 టన్నుల లెక్కన అయిదొందల లారీలు. ఇది కృష్ణాపురం ఉల్లే, ఇంత బరువే అని కడపలోని ఉద్యాన అధికారి కాగితం ఇవ్వాలి. చెన్నై రేవు నుంచి తప్ప మరో దారిలో పోకూడదు. ఆ కాగితాలను చెన్నైలోని విదేశీ వాణిజ్య కార్యాలయం చూసుకోవాలి. కాగితాలు అడగడం సబబే. మామూలు ఉల్లి కేపీ పేరుతో దాటిపోకూడదు కదా. కానీ ఆ కాగితాల పద్ధతి ఏదో నిషేధం పెట్టిన రోజునే చెప్పి ఉంటే నాలుగు నెలలు గడిచేవా? 2020 సెప్టెంబరు 14న మళ్లీ నిషేధం పడితే, ఈసారి అక్టోబరు 9కల్లా సడలించారు. అంటే తలుచుకుంటే పాతిక రోజుల్లో అయ్యే పనే!

గేటు పడితే అవతలివాడికీ కష్టమే. 2019 అక్టోబరులో దిల్లీలో వ్యాపారుల సమావేశానికి వచ్చిన అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, కూరల్లో ఉల్లి మానేయమని మా వంటమనిషికి చెప్పేశానని హిందీలో అంటే సభంతా నవ్వింది. ఆపేముందు ఓ మాట చెవిన వేస్తే మరోచోట తెచ్చుకునేవాళ్లం కదా అన్నదే అందులోని అసలు ఫిర్యాదు. మరుసటి ఏడాదీ అంతే. ఉత్తర్వు పడేసరికి బెంగాల్ సరిహద్దు దాకా వెళ్లిన లారీలు అక్కడే నిలిచిపోయాయి. గడ్డలు లారీల్లోనే కుళ్లాయి.

ఆ సరిహద్దుతో కర్నూలుకేం సంబంధం అనుకోవద్దు. కర్నూలు యార్డులో అమ్మిన ఎర్రగడ్డ తాడేపల్లిగూడెం చేరుతుంది. అక్కడి నుంచి ఒడిశా, బెంగాల్... బేరం కుదిరితే బంగ్లాదేశ్. పెట్రాపోల్ దగ్గర మన లారీ గీత దాటి బేనాపోల్ యార్డు వరకే పోతుంది. అక్కడ సరుకంతా దింపి వాళ్ల లారీకెక్కించాలి. ఒకే లారీ నేరుగా పోయేలా నాలుగు దేశాలు 2015 జూన్‌లో థింఫూలో సంతకాలైతే చేశాయి. భూటాన్ ఆమోదించలేదు. మిగిలిన మూడింటి మధ్యా ఆ ఒప్పందం రోజువారీ రాకపోకల దాకా రాలేదు. ఖరీఫ్ ఉల్లికి తేమ ఎక్కువ. నిల్వకు ఆగదు. యార్డుకు తెచ్చాక రైతుకు ప్రతి రోజూ నష్టమే.

ఆ తర్వాత కథ ఇంకా చేదు. 2023 ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం, డిసెంబరులో పూర్తి నిషేధం. 2024 మే 4న నిషేధం ఎత్తేశారు, సుంకం ఉంచారు. సెప్టెంబరులో దాన్ని సగం చేశారు. 2025 ఏప్రిల్ 1న పూర్తిగా తీసేశారు. హమ్మయ్య అనుకునే లోపే రెండో గేటు పడింది. ఈసారి వేసింది అవతలివాళ్లు. మాటిమాటికీ ఆగిపోయే సరుకును ఎన్నాళ్లని నమ్ముకుంటారు? బంగ్లాదేశ్ సొంత సాగు పెంచుకుంది, పాకిస్థాన్ నుంచి కొనడం మొదలుపెట్టింది, తన రైతు కోసం మన ఉల్లికి అడ్డుకట్ట వేస్తూ వచ్చింది. మన రైతుకు కోపం వచ్చినా, వాళ్లు చేసింది మనం చేసిందే!

ఆ ఏడాది కర్నూలులో ధర పాతాళానికి పడిపోయింది. దానికి వానలూ, మహారాష్ట్ర నిల్వలూ తోడయ్యాయన్నదీ నిజమే. రాష్ట్ర ప్రభుత్వం దిగి క్వింటాలు 1,200 రూపాయలకు కొంది. కొన్న గడ్డలు ఎక్కడ పెట్టాలో, ఎవరికి అమ్మాలో తెలియని పరిస్థితి వచ్చాక, సెప్టెంబరులో హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది.

కేపీ రైతుకు అంతకన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పనులు రెండున్నాయి. నిషేధం రాసే ఉత్తర్వులోనే కృష్ణాపురం ఉల్లికి మినహాయింపు రాయడం ఒకటి. అప్పటికే చెన్నై దారి పట్టిన లారీలకు గడువివ్వడం రెండోది. కడప నుంచి రేవుకు సుమారు 250 కిలోమీటర్లు. లారీకి ఒక రాత్రి చాలు.