రోకలి నీడ

2025 సెప్టెంబరు 7, ఆదివారం. అమెరికాలో భోజనాల వేళ, శంషాబాద్‌లో రాత్రి పదకొండు దాటింది. సంపూర్ణ చంద్రగ్రహణం. ఇక్కడ అమెరికాలోని మా సంఘ సభ్యుల ఇంట్లో ఓ తొమ్మిదేళ్ల పాప శంషాబాద్‌కు వీడియో కాల్ చేసి, "తాతయ్యా, డాబా ఎక్కి ఎర్ర చందమామని చూపించవా?" అని బతిమాలింది. అక్కడ తలుపులు, కిటికీలు మూసేశారు. పళ్లెంలో రోకలి నిలబెట్టి ఉంది. "విడిచేదాకా బయటికి రాకూడదు తల్లీ" అన్నారాయన. "చూస్తే ఏమవుతుంది?" అంది పాప. అక్కడా ఇక్కడా ఎవరూ జవాబు చెప్పలేదు.

ఈ సంగతి మా సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చాక చాలామంది నొచ్చుకున్నారు.

పట్టు విడుపు స్నానాలు ఎవరి నమ్మకం వారివి. బాధల్లా పాప ప్రశ్న గురించే. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూడొచ్చని, సూర్యగ్రహణానికే ప్రత్యేక కళ్లద్దాలు కావాలని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? వారాంతాల్లో పిల్లల్ని కోచింగ్‌లకు తిప్పే తల్లిదండ్రులు పది నిమిషాలు పెరట్లో నిలబడి ఆకాశం చూపించలేరా?

హైదరాబాద్‌కు ఆకాశాన్ని పరిశీలించే విద్య కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలలో ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు తండ్రి పనిచేసేవారు. ఆ వాతావరణంలో పెరిగిన బప్పు హార్వర్డ్‌లో చదువుతూ 1949లో తోకచుక్కను కనిపెట్టారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి పరిశీలించారు. అక్కడ 48 అంగుళాల టెలిస్కోప్ ఉంది.

వేసవి సెలవులకు శంషాబాద్‌లో దిగే కుటుంబాలకు ఒక విన్నపం. ఆగస్టు తొలివారంలో ఒకరోజు మధ్యాహ్నం సుమారు 12.20కి సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. గ్రహణానికి నిలబెట్టే రోకలినే డాబా మీద నిటారుగా నిలబెడితే నీడ దాని అడుగునే దాక్కుంటుంది. కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్న ఊళ్లలో ఈ వింత ఎన్నడూ జరగదు. డాలస్‌లో, న్యూజెర్సీలో పిల్లలు ఎంత వెతికినా దొరకనిది తాతయ్య డాబా మీద దొరుకుతుంది. తిరుగు టికెట్లు కాస్త చూసుకుని తీసుకోండి, దయచేసి.

నీడ మాయమైన రోకలి ఫొటో, దాని గురించి పిల్లలు సొంతంగా తెలుగులో రాసిన నాలుగు వాక్యాలు పంపితే మా సంఘం పత్రికలో పిల్లల పేజీలో అచ్చువేస్తాం. తప్పులున్నా పెద్దలు దిద్దకండి.