జారే మెనూ, జారని నిబంధన

సెల్‌ఫోను లేని తెలుగు కుటుంబం నేడు ప్రవాసంలో లేదనే చెప్పవచ్చును. ఆ ఫోనులోని అనేక యాప్‌లలో, తెర పై మూలన, ఒకదాని క్రింద ఒకటిగా మూడు అడ్డగీతలు కనిపిస్తాయి. వాటిని తాకగానే తెర అంచు నుండి ఒక మెనూ జారుతూ వచ్చి నిలుస్తుంది. పని ముగియగానే వచ్చిన దారినే వెనుకకు పోతుంది. ఆ మూడు గీతల గుర్తు కొత్తది కాదు. 1981లో విడుదలైన జెరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం నార్మ్ కాక్స్ అనే రూపశిల్పి దానిని గీశారు.

మెనూ జారడానికి సాధారణంగా సెకనులో మూడవ వంతు కాలం పడుతుంది. ఆ కొద్దిపాటి కదలికను ప్రోగ్రామర్ ఏ విధంగా వ్రాశాడన్నది పైకి కనిపించదు. కాని ఆ యాప్ ఎవరి కోసం తయారైంది, ఎవరిని మరచిపోయింది అన్న సంగతి మాత్రం ఆ వ్రాతలోనే దాగి ఉంటుంది.

అంకెలా? సంబంధాలా?

మెనూను జరపడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది అంకెల మార్గం. మెనూ వెడల్పు 280 పాయింట్లు అనుకుంటే, దానిని తెరకు ఎడమగా, కనబడని చోట, మైనస్ 280 వద్ద ఉంచి, వేలు తాకినపుడు సున్నాకు తీసుకురావడం. ఇది తేలిక, త్వరగా ఫలితం చూపిస్తుంది. అందుచేతనే కొత్తగా నేర్చుకునేవారు దీనినే ఆశ్రయిస్తారు.

రెండవది సంబంధాల మార్గం. ఇందులో ప్రోగ్రామర్ చోటును చెప్పడు, నిబంధనను చెబుతాడు. "మెనూ ముగింపు అంచు తెర ప్రారంభపు అంచును అంటి ఉండాలి" అంటే మెనూ మూసి ఉన్నట్లు. "మెనూ ప్రారంభపు అంచు తెర ప్రారంభపు అంచుతో కలియాలి" అంటే తెరచి ఉన్నట్లు. ఈ రెండు నిబంధనలలో ఏ సమయంలోనైనా ఒక్కటే అమలులో ఉంటుంది. మెనూ వెడల్పు 280 అయినా, తెర వెడల్పులో నాలుగింట మూడు వంతులైనా ఈ వాక్యాలు మారవు. అంకెల మార్గంలో వెడల్పును 320కి పెంచి, మైనస్ 280ని మార్చడం మరచిపోతే, మూసిన మెనూలో 40 పాయింట్ల ముక్క తెర మీదనే వ్రేలాడుతూ ఉంటుంది.

ఐఫోను యాప్‌లలో ఈ రెండవ మార్గాన్ని ఆటో లేఅవుట్ అంటారు. ఇది 2011లో మ్యాక్ కంప్యూటర్లకు, 2012లో ఐఓఎస్ 6తో ఫోనులకు వచ్చింది. నిబంధనలను బొమ్మలు లాగి అమర్చడం గాక, వరుసగా కోడులోనే వ్రాసుకోవచ్చును. అలా వ్రాసినపుడు ప్రతి నిబంధనకు ఒక పేరు ఉంటుంది, కారణం ఉంటుంది, తరువాత వచ్చినవారు చదివి అర్థం చేసుకునే వీలుంటుంది.

నిబంధనల వెనుక గణితం

ఈ ఆలోచన చాలా పాతది. 1963లో ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్‌తో, "ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండాలి" వంటి నిబంధనలను కంప్యూటరు చేత పాటింపజేశారు. ఆటో లేఅవుట్‌కు ఆధారమైన పద్ధతి పేరు కాసోవరి. ఎగరలేని ఒక పెద్ద పక్షి పేరు అది. అలాన్ బోర్నింగ్, గ్రెగ్ బాడ్రోస్ తదితరులు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా 1990లలో దీనిని రూపొందించారు. దానికి మూలం 1947లో జార్జి డాంట్‌జిగ్ కనుగొన్న సింప్లెక్స్ పద్ధతి.

ప్రతి నిబంధన ఒక సరళ సమీకరణం. ఒక అంచు విలువ మరొక అంచు విలువను గుణకంతో హెచ్చించి, స్థిరాంకం కలిపినదానికి సమానం. హైస్కూలు బీజగణితమే ఇది. తెర మీద ఒక దీర్ఘచతురస్రానికి అడ్డంగా రెండు, నిలువుగా రెండు విషయాలు తేలాలి. రసాయనశాస్త్రం చదివినవారికి ఇక్కడ గిబ్స్ ప్రావస్థా నియమం గుర్తుకు రాక మానదు. చరరాశులు ఎన్ని, వాటిని బంధించే సంబంధాలు ఎన్ని అన్న తేడాయే వ్యవస్థకు మిగిలే స్వేచ్ఛ. సంబంధాలు తక్కువైతే మెనూ ఎక్కడ ఉండాలో తేలదు. ఒకదానితో ఒకటి పొసగని సంబంధాలుంటే వ్యవస్థ వాటిలో ఒకదానిని తానే త్రుంచివేసి, ప్రోగ్రామర్‌కు హెచ్చరిక వ్రాసి ముందుకు పోతుంది. కావుననే మెనూ తెరిచేటపుడు పాత నిబంధనను ముందుగా విరమింపజేసి, ఆ తరువాతనే కొత్తదానిని అమలులో పెట్టాలి.

కదలిక ఎక్కడ పుడుతుంది?

నిబంధనను మార్చినంత మాత్రాన తెర మీద ఏదీ వెంటనే కదలదు. మార్పు నమోదవుతుంది, అంతే. తరువాతి అమరికలో లెక్క తేలి, మెనూ ఒక్క గెంతుతో కొత్త చోటికి వస్తుంది. జారుడు కావాలంటే, మార్పు చేసిన పిదప యానిమేషన్ భాగంలో "లేఅవుట్ ఇఫ్ నీడెడ్" అనే ఆజ్ఞ ఇవ్వాలి. అది మెనూకు గాక, మెనూను, మిగిలిన తెరను కలిపి పట్టుకున్న పై పొరకు ఇవ్వాలి. అపుడు వ్యవస్థ అంత్యస్థితిని ఒకేసారి సాధించి, ఆదిస్థితికి దానికి నడుమనున్న చిత్రాలను తానే పూరిస్తుంది. మెనూ గెంతుతోందని ఫిర్యాదు చేసే కొత్తవారిలో చాలామంది ఈ ఒక్క ఆజ్ఞను మరచినవారో, తప్పు పొరకు ఇచ్చినవారో అయి ఉంటారు.

1840లో హెస్ చెప్పిన ఉష్ణ సూత్రం కూడా ఇటువంటిదే. చర్య ఏ దారిన సాగినా, మొత్తం ఉష్ణం ఆది, అంత్య స్థితులపైనే ఆధారపడుతుంది. మెనూకు సైతం స్థితులు ముఖ్యం, దారి అలంకారం. ఈ విచక్షణ ఎంత మేలు చేస్తుందో కొందరు వాడుకరుల విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. తెర మీది కదలికలు చూస్తే తల తిరిగేవారు ఉన్నారు. వారి కోసం 2013లో వచ్చిన ఐఓఎస్ 7లో కదలికలను తగ్గించే ఏర్పాటు చేశారు. స్థితులను నిబంధనలుగా వ్రాసిన యాప్‌లో ఆ కోరికను మన్నించడానికి యానిమేషన్‌ను తొలగిస్తే చాలు. మెనూ సరైన చోటనే నిలుస్తుంది.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది. నిబంధనలను ముట్టుకోకుండా, తేలిన చిత్రాన్ని ట్రాన్స్‌ఫామ్‌తో ప్రక్కకు జరిపితే లెక్కల భారం ఉండదని పలువురు నిపుణులు అంటారు. తెర సెకనుకు 60 సార్లు మారేటపుడు ఒక్కొక్క చిత్రానికి దొరికేది 16.7 మిల్లీసెకన్లే. వేలితో పాటు మెనూ నడవవలసినపుడు, ప్రతి కదలికకూ లెక్క తిరగవేయక తప్పదు కనుక, ఈ వాదనలో బలముంది. కాని ఒక్క తాకిడితో తెరచుకునే మెనూకు లెక్క ఒక్కసారే జరుగుతుంది. పైగా ట్రాన్స్‌ఫామ్‌తో మెనూ జరిగితే దాని ప్రక్కనున్న పుట జరగదు. నిబంధనతో కట్టి ఉంటే తానే జరుగుతుంది. నిబంధనలను అమలులో ఉంచుతూనే చోటును నేరుగా అంకెతో దిద్దడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అది రెండు చిట్టాలు వ్రాసే వర్తకుని పని. ఫోను అడ్డంగా తిప్పగానే మొదటి చిట్టా బయటపడుతుంది.

తెలుగు అక్షరం వచ్చినపుడు

అంకెల మార్గంలోని అసలు లోపం వేగంలోనో, అందంలోనో లేదు. 280 అని వ్రాసిన చేయి తనకు తెలియకుండానే ఒక భాషను, ఒక ఫోనును, ఒక వయసు కంటిని ఊహించుకుంది. ఇంగ్లీషులో "లాగ్ అవుట్" అని ముగిసే మాట తెలుగులో "నిష్క్రమించండి" అవుతుంది. తెలుగు లిపి అడ్డంగానే కాదు, నిలువుగానూ పెరుగుతుంది. పైన గుడి, క్రింద ఒత్తులు, ఒత్తు క్రింద ఒత్తు. వరుస ఎత్తు 44 పాయింట్లని బిగించి, అక్షరాలను పెద్దవి చేసి చూస్తే, "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటల పాదాలు తెగిపోవచ్చును. "44కు తగ్గరాదు, అక్షరం కోరినంత పెరగవచ్చు" అని నిబంధన వ్రాస్తే ఆ బాధ లేదు.

అదే విధంగా "ఎడమ" అని గాక "ప్రారంభం" అని వ్రాసిన నిబంధన, యాప్ అరబ్బీలో నడిచినపుడు తానే కుడి వైపుకు తిరుగుతుంది. గల్ఫ్ దేశాలలోని తెలుగువారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. తెలంగాణలో రెండవ అధికార భాష అయిన ఉర్దూకు సైతం ఇదే వర్తిస్తుంది.

తెలుగును ముందుగా పరీక్షించకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. "జ్ఞా" అన్న అక్షరపు ఒక రూపం ఐఓఎస్ 11లో కనబడగానే యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే 11.2.6తో దానిని సవరించారు. ఆ లోపం నిబంధనలది కాదు, అక్షరాలను గీసే భాగానిది. అయినా పాఠం ఒక్కటే. తయారీదారు తలపులో లేని భాషకు తెర మీద చోటు దొరకదు.

ప్రవాస తెలుగు కుటుంబాలలో సాఫ్ట్‌వేర్ వ్రాసే యువతీయువకులకు కొదవ లేదు. తాము వ్రాసిన మెనూ సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి వారు పెద్ద ప్రయోగశాలకు వెళ్లనవసరం లేదు. మాటలను తెలుగులోకి మార్చి, అక్షరాలను అన్నిటికంటే పెద్దవి చేసి, కదలికలను తగ్గించి, ఫోనును అమ్మమ్మ చేతిలో పెట్టి, ఒకసారి అడ్డంగా తిప్పమంటే చాలు. ఆమెకు కావలసిన మాట పూర్తిగా కనిపించి, వేలికి అందితే ఆ నిబంధనలు సరిగా వ్రాసినట్లే. కనిపించకపోతే దిద్దుకోవలసినది ఆమె కళ్ళజోడును కాదు, కోడులోని ఆ అంకెను.