సినిమా అయిపోయాక



ఆ మధ్య మా నస్పూర్‌లో ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. పిల్లలు టీవీలో 'ఆదిత్య 369' చూస్తున్నారు. తండ్రి పోయి ఏడాది తిరగని చిన్నవాడు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ మిషన్ ఉంటే నాన్న దగ్గరికి పోవచ్చు గదా?" అని అడిగాడు.

1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ఆ చిత్రం మనలను కృష్ణదేవరాయల కాలానికి, అటు తరువాత 2504వ సంవత్సరానికి తీసుకుపోతుంది. అప్పటికి యుద్ధంతో భూమి పాడై, మనుషులు నేల క్రింద బ్రతుకుతుంటారు. నాన్నలు రోజూ బొగ్గుబాయిలోకి దిగే మన పిల్లలకు ఆ దృశ్యం ఎంత దగ్గరిదో గమనించండి. ఇలాంటి కథలు పిల్లల్లో ప్రశ్నలు లేపుతాయి. అది మేలే.

లోపమూ ఉంది. గతంలోకి వెళ్లే మార్గాన్ని విజ్ఞానశాస్త్రం ఇంతవరకు కనుగొనలేదు. సినిమాలో మాత్రం యంత్రమెక్కితే చాలు. 2008లో హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్ మొదలుపెట్టిన 'ఛోటా భీమ్' బొమ్మల కథల్లో లడ్డూ తింటే చాలు, ఎక్కడలేని బలం వస్తుంది. నవ్వుకోవడానికి బాగుంటుంది, కాని చిన్నపిల్లలు దానిని నిజమనుకుంటారు.

ఆ బాబుతో, "పోలేము నాయనా" అనే చెప్పాను. వాడు ఏడ్చాడు. వాళ్లమ్మ ఒడిలోకి తీసుకొని నాన్న ముచ్చట్లు చెప్పసాగింది. కాసేపటికి వాడే ఇంకొకటి చెప్పమన్నాడు.

టీవీ కట్టివేయమని నేను అనను. పిల్లల ప్రక్కన కూర్చోండి. అయిపోయాక ఏది నిజమో, ఏది కల్పనో వారితో మాట్లాడండి. ఆ పని సినిమా చేయదు, మనమే చేయాలి.