పదహారేళ్లకే పెట్టె సర్దుకుంటే...

నార్వే అనగానే మన ఫోన్లో కనిపించేది ఆకాశంలో ఆకుపచ్చ వెలుగుల రీల్. "లైఫ్‌లో ఒక్కసారైనా వెళ్లాలి రా" అని ఫ్రెండ్‌ని ట్యాగ్ చేస్తాం. ఆ వెలుగుల కింద పుట్టి పెరిగిన కుర్రాళ్లు మాత్రం ఏళ్లుగా అక్కణ్నుంచి వెళ్లిపోతూనే ఉన్నారు.

ఆ దేశానికి ఉత్తరం కొసన ఫిన్‌మార్క్ అనే ప్రాంతం ఉంది. విస్తీర్ణం దాదాపు 48,600 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కొంచెం తక్కువ. జనం సుమారు 75 వేలు. మన దగ్గర ఓ మాదిరి టౌన్‌లో ఉండేంత మంది!

ఎందుకు వెళ్లిపోతున్నారంటే ఎవరైనా ఠక్కున చెప్పే జవాబు చలి, చీకటి. నిజమే, చలికాలంలో వారాల తరబడి అక్కడ సూర్యుడు కనపడడు. కానీ పక్కనే ఉన్న ట్రోమ్సోలో కూడా నవంబరు చివర్లో మాయమైన సూర్యుడు మళ్లీ కనిపించేది జనవరి మధ్యలోనే. అయినా ఆ ఊరు పెరుగుతోంది. స్టూడెంట్స్‌తో కళకళలాడుతోంది. చీకటి రెండుచోట్లా ఉంది. మరి తేడా ఎక్కడ?

చాలావరకు చదువులో. ఫిన్‌మార్క్‌లో సముద్రం ఒడ్డున చిన్నచిన్న ఊళ్లు. పదో తరగతి అయ్యాక మన ఇంటర్ లాంటి చదువు కావాలంటే అక్కడి పిల్లల్లో చాలామంది వేరే ఊళ్లో గది అద్దెకు తీసుకోవాలి. అప్పటికి వయసు 16. విజయవాడ హాస్టళ్లలో ఇంటర్ చదివినవాళ్లకి ఈ బాధ విడిగా చెప్పక్కర్లేదు.

తర్వాత డిగ్రీకి ఇంకా పెద్ద ఊరు. ఉద్యోగం మరో చోట. అక్కడే ఒకరు పరిచయమవుతారు, పెళ్లి చేసుకుంటారో కలిసి ఉంటారో... ఇక వెనక్కి వెళ్లాలంటే ఊళ్లో ఒక ఉద్యోగం చాలదు, రెండు కావాలి. అక్కడ ఉండే చేపల వేట, గనుల పనుల్లో ఎక్కువగా మగవాళ్లే ఉంటారు. చదువుకున్న అమ్మాయికి బడి, ఆస్పత్రి, మున్సిపల్ ఆఫీసు దాటితే చాయిస్ తక్కువ. అందుకే అమ్మాయిలే ఎక్కువగా వెళ్లిపోతారు.

గమనించారా? "ఊరు వదిలేస్తున్నా" అని ఎవరూ ఒక రోజు కూర్చుని డిసైడ్ చేసుకోలేదు. ఒక్కో మెట్టు ఒక్కో ఊళ్లో ఉంది, ఎక్కుతూ పోయారు.

అక్కడి ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. 1990 నుంచి ఫిన్‌మార్క్‌లో ఉండి పనిచేసేవాళ్లకి ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గించింది. స్టడీ లోన్‌లో ఏటా 10 శాతం, ఒక పరిమితి వరకు, మాఫీ చేస్తోంది. 2023 నుంచి పసిపిల్లల బడి ఫ్రీ. ఇన్ని ఇచ్చినా జనాభా 1990లో దాదాపు 74 వేలు, ఇప్పుడు 75 వేలు. ఈలోగా దేశ జనాభా 42 లక్షల నుంచి 55 లక్షలు దాటింది. డబ్బు వల్ల ఊళ్లు ఖాళీ అవ్వకుండా ఆగి ఉండొచ్చు, పెరగడం మాత్రం కష్టమే అయింది.

ట్రోమ్సోలో ఇంకో పని చేశారు. దక్షిణాది నుంచి డాక్టర్లు వచ్చి నిలబడట్లేదని, 1972లో యూనివర్సిటీ తెరిచి మెడిసిన్ అక్కడే చెప్పడం మొదలెట్టారు. తొలి బ్యాచ్‌లలో సగానికి పైగా ఉత్తరాదిలోనే ఉండిపోయారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లలో అయితే దాదాపు ఐదుగురిలో నలుగురు!

శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి హైదరాబాద్, బెంగళూరుల్లో కోడ్ రాస్తున్న మనకి ఇది దూరం కథేం కాదు. ఊళ్లో అమ్మానాన్న పెద్దవాళ్లవుతుంటే వీడియో కాల్‌లో చూస్తుంటాం. ముప్పై ఏళ్లొచ్చాక "వెనక్కి రండి, రాయితీలిస్తాం" అంటే ఎంతమందిమి కదలగలం? అప్పటికి ఇంటి లోన్, పిల్లల స్కూలు, ఇంట్లో ఇంకొకరి ఉద్యోగం అన్నీ ఇక్కడే. మంచి కాలేజీ, దాని పక్కనే నాలుగు ఉద్యోగాలు మనకి పదహారేళ్లప్పుడే దగ్గర్లో ఉంటే లెక్క వేరేగా ఉండేది.

ఇంతకీ మీరు మీ ఊరి నుంచి ఏ మెట్టు దగ్గర కదిలారు?